బంతి విడుచు వేళ: హైదరాబాదు ఫుట్‌బాల్ పూర్వచరిత్ర

మద్రాసునకును కలకత్తాకును నడిమి రైలుదారిలో నుండుటవలన మా బరంపురమునకు సంక్రమించిన అలవాట్లలో నొకటి, ఫుట్‌బాల్ ప్రసక్తి వచ్చినంతనే జనుల చూపు కలకత్తా వైపునకు తిరుగుట. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. ఇంట తెలుగును బజారున ఒడియాయును మాటలాడుకొను లంజిపల్లి కుటుంబములకు పెండ్లిసంబంధములు నేటికిని శ్రీకాకుళము, విజయనగరముల వైపు సాగుచున్నను, బంతియాట విషయమున మాత్రము మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా అను వాదమే కాని, తెలుగు వినబడు దక్షిణపు నగర మొకటి ఆ కలకత్తా జట్లను తలవంపించిన కాల మొకటి కలదని తలచుకొనువారు అరుదు. ఆ నగరము హైదరాబాదు.

ఆ కాలమును గెలిచిన కప్పుల జాబితాగా చెప్పుట సులభము. పెక్కుమంది అట్లే చెప్పిరి. నాకు అంతకంటె ఆసక్తికరముగా తోచునది, ఆ నగరమువారు ఒక ప్రాచీనమైన చిక్కుప్రశ్నకు వెదకి కనుగొన్న సమాధానము. దృఢమైన రక్షణపంక్తి యెదుట నిలిచియున్నప్పుడు బంతిని తన వెంట తీసికొని పరుగెత్తుట మేలా, తోటివాని కందించుట మేలా? రెండును చేయవలసినచో ఏది యెప్పుడు, ఎంతవరకు? ఈ ప్రశ్న ఒక్క ఆటకు చెందినది కాదు. బంతితో పోరాడు ఆటలన్నిటిలోను ఇది ఏదో యొక రూపమున తలయెత్తుచునే యున్నది.

చెడుగుడు ఆడి పెరిగినవారికి ఇందలి మొదటి మార్గము ఎవరును నేర్పకయే తెలియును. కూత విడువక గీత దాటి ఎదుటి బరిలోనికి పోయినవానికి తన ఊపిరియే తోడు. చేయి చేయి కలిపి గొలుసుకట్టి నిలిచినవారి నడుమ ఒకనిని తాకి, ఒడుపుగా వెనుదిరిగి, మరల గీతను ముట్టువరకు అతడు ఎవ్వరిని సాయమడుగుటకు వీలులేదు. గెలిచిన ఘనత అతనిదే, పట్టుబడిన తప్పును అతనిదే. మన పేటలలోనికి బంతి ప్రవేశించినప్పుడు పిల్లలు దానిని ఆ కూతకు మారుగా స్వీకరించిరని నాకు తోచును. బంతి కాలికి దొరకినవాడు ఊపిరి యున్నంతసేపు దానిని విడువడు; ఒరుల కిచ్చుట అతని దృష్టిలో ఓటమి. చూచువారును అట్టివానికే చప్పట్లు కొట్టుదురు.

ఈ ప్రశ్న ప్రాణాంతకమైన రూపమున తలయెత్తినది మాత్రము అమెరికాలో. అచ్చటివారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట ప్రధానముగా కాలితో ఆడునది కాదు. కోలగా నుండు బంతిని రొమ్మునకు హత్తుకొని, ఎదుట బారుతీరిన పదునొకండుగురి నడుమ దూరి, గజము గజముగా నేలను జయించుట దాని స్వభావము. 1906వ సంవత్సరమునకు పూర్వము బంతిని ప్రక్కకో వెనుకకో అందింపవచ్చునే కాని ముందునకు విసరుట నిషిద్ధము. ఇక మిగిలినది పరుగొక్కటే. ఆ సంగతి ఎదుటివారికిని తెలియును కావున వారందరును ఒక్కచోటనే గుమికూడుదురు. ఆ గుంపును ఛేదించుటకు వీరును ఒకరినొకరు పట్టుకొని గుంపుగానే పైబడుదురు. 1905వ సంవత్సరపు ఆటలలో 18 మంది మరణించిరని నాటి పత్రికలు లెక్కకట్టెను. ఆ యేడు అక్టోబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విద్యాలయముల ప్రతినిధులను తన భవనమునకు పిలిపించి, ఆటను సంస్కరించుకొనవలసినదిగా హెచ్చరించెను.

మరుసటి యేట నియమములు మారినవి. మూడు ప్రయత్నములలో 5 గజములు సాగిన చాలునను నిబంధన 10 గజములకు పెరిగెను. బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించెను. అనుమతి యన్నమాటయే కాని దాని వెంట శిక్షయు పొంచియుండెడిది: విసరిన బంతి ఎవ్వరిని తాకక నేలబడెనా, అది ఎదుటిపక్షమునకు చెందును. 1906 సెప్టెంబరు 5న విస్కాన్సిన్ రాష్ట్రమందలి వాకెషా పట్టణమున సెయింట్ లూయీ విశ్వవిద్యాలయపు ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసరిన తొలి పాసు అట్లే నేలపాలై బంతి పరులపాలయ్యెను. అదే ఆటలో అతడు మరల విసరినది జాక్ ష్నైడర్ చేతికి చిక్కి ఫలించెను. అయినను పేరుపడిన తూర్పుతీరపు జట్లు చాలకాలము ఈ క్రొత్తవిద్యను బలహీనుల తంత్రముగా చులకన చేసినవి.

1913 నవంబరు 1న వెస్ట్ పాయింట్ సైనికవిద్యాలయపు జట్టును, అప్పటికి పెద్దగా పేరులేని నోటర్ డేమ్ జట్టు 35-13 తేడాతో ఓడించినప్పుడు కాని వారి కన్నులు తెరువబడలేదు. ఆ నాడు గస్ డొరే విసరిన 17 పాసులలో 14 గమ్యము చేరినవనియు, వానిని అందుకొన్నవారిలో నూట్ రాక్నీ ముఖ్యుడనియు చరిత్రకారులు వ్రాసిరి. పాసు గెలిచినదని లోకము చాటుకొనెను. అది సగము నిజము. సైనికవిద్యార్థులు విసరు బంతికి వెఱచి మైదానమంతట విరళముగా పరచుకొనగా, ఆ సందులనుండి ఐకెన్‌లాబ్ అను బలశాలి బంతిని పట్టుకొని నేరుగా దూసికొనిపోయెను. పాసు లేనిచో ఆ పరుగునకు దారి దొరకియుండెడిది కాదు; పరుగు భయము లేనిచో ఆ పాసుల నందుకొనువారికి అంత తెరపి దొరకియుండెడిది కాదు. రక్షకుని మనస్సున సంశయము పుట్టించుటయే ఇందలి కీలకము. ఆ ఆటను మన దేశమునకు తెచ్చుటకు 2011 ప్రాంతమున ఒక లీగు వెలసి, హైదరాబాదు పేర స్కైకింగ్స్ అను జట్టునుకూడ నిలిపెను కాని అది వేరూనలేదు. అయిన నేమి, ఆ ఆట నేర్పిన పాఠమును హైదరాబాదు అంతకు అరువది యేండ్లకు ముందే మరియొక బంతితో నేర్చియుండెను.

మనము ఎరిగిన ఫుట్‌బాల్ నందును కథ ఇట్లే ఆరంభమైనది. 1872 నవంబరు 30న గ్లాస్గో సమీపమున ఇంగ్లండు, స్కాట్లండు జట్లు తొలిసారి అంతర్దేశీయముగా తలపడినప్పుడు, ఆంగ్లేయులు తమ అలవాటుచొప్పున ఒక్కొక్కరుగా బంతిని నడుపుకొనుచు పైబడిరి. వారికంటె తేలిక శరీరులైన స్కాట్లండువారు బంతిని ఒకరి కొకరందించుకొని వారి బరువును వ్యర్థము చేసిరి. ఒక్క గోలైనను పడలేదు. ఆ ఆట తరువాత కొన్నియేండ్లకు పాసు నేర్వని జట్టు బ్రిటనులో మిగులలేదు.

ఆ విద్య దండువెంట మన దేశమునకు వచ్చెను. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పును, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పును ఆరంభించినవారు తెల్లదొరలే. సికిందరాబాదు దండువిడిది మైదానములలో పటాలములు ఆడుచుండగా గట్టున నిలిచి చూచిన హైదరాబాదు కుఱ్ఱవాండ్రు, బూట్లు కొనుటకు తాహతు లేక, వట్టికాళ్లతోనే నేర్చుకొనిరి. వట్టికాలికి బంతిపై గల స్పర్శ తోలుబూటునకు రాదు. 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన మోహన్ బగాను జట్టులో పదిమంది వట్టికాళ్లవారే. ఆ విజయము దేశమునకు ఎంతటి ఉత్సాహము నిచ్చెనో, మన యాటకు అంతటి చెఱుపును చేసెనని నా అభిప్రాయము; వట్టికాలి నైపుణ్యమే మన విశిష్టత యను నమ్మకము నలువది యేండ్లు కదలక నిలిచినది. ఎండిన గట్టినేలపై అది చెల్లును. తడిసిన గడ్డిపై, బరువైన బూట్ల నడుమ, చెల్లదు. పైగా మన దేశపు పోటీలు 70 నిమిషములకే ముగియుచుండెను. బయటిలోకమున 90 నిమిషములు. చివరి యిరువది నిమిషములు ఎట్లుండునో మనవారికి తెలియదు.

ఈ స్థితిలో రంగమున ప్రవేశించినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, బడిపంతులుగా జీవితము నారంభించిన ఈతడు, తానును కొంతకాలము మంచి ఆటగాడై యుండి, 1939లో ఏర్పడిన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు 1943లో కార్యదర్శియయ్యెను. పిదప నగర పోలీసు జట్టుకు శిక్షకుడును అయ్యెను. పేరొందిన ఆటగాండ్రు శిక్షకులగుట లోకసహజము. ఉపాధ్యాయుడు శిక్షకుడగుట వేరు. ఆటగాడు తాను చేయగలదానిని ఇతరులును చేయగలరని యనుకొనును. ఉపాధ్యాయుడు తెలియనివాడు ఎచ్చట తడబడునో ముందుగా చూచును. రహీము సాహెబు పద్ధతులన్నిటిలోను ఈ బడిపంతులు కనబడుచునే యుండును.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలు. పేరునకు చిన్నపాటి క్రీడోత్సవములే. నియమ మొక్కటే: బంతితో ఎదుటివానిని తప్పించుకొని పోరాదు, అందినదానిని ఆలస్యము చేయక మరియొకని కందింపవలయును. చూచువారికి ఇది వినోదమును చంపు నియమముగా తోచియుండవచ్చును. ఆడువాని స్థితిని ఊహించి చూడుడు. బంతి కాలికి తగులుటకు ముందే అతడు తలయెత్తి ఎవడెక్కడ నున్నాడో చూచుకొనవలయును, తగిలిన తరువాత చూచుటకు వ్యవధి లేదు కావున. తక్కినవారును నడుముపై చేతులుంచుకొని నిలిచి చూచుటకు వీలులేదు. ఒకడు కుడికి, ఒకడు వెనుకకు, ఒకడు రక్షకుని వీపు చాటునకు కదలినగాని బంతి గలవానికి దారి లేదు. ఒక్కని కాలిపనిని నిషేధించుటచేత పదిమంది కాళ్లకు పని కల్పించినట్లయ్యెను. బంతి లేని సమయమున ఆటగాడు చేయవలసినదానిని నోటితో ఎంత చెప్పినను చెవికెక్కదు. నియమము మార్చినచో చెప్పనక్కరయే లేదు.

రెండవ యేర్పాటు బలహీనమైన కాలితో మాత్రమే ఆడు పోటీలు. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితోనే బంతిని ఆపి, ఎడమకాలితోనే కొట్టవలయును. గట్టి రక్షకుడు చేయు మొదటి పని, ఎదుటివానిని అతని చేతగాని ప్రక్కకు నెట్టుట. ఆ ప్రక్కయు చేతనైనదే యైనచో ఆ రక్షకుని విద్యలో సగము వ్యర్థమగును. రెండు కాళ్లును వచ్చినవాడు పరుగుతీయునో పాసు చేయునో, ఎడమకు పోవునో కుడికి పోవునో ఊహించుట దుర్లభము. ఇందునుబట్టి రహీము డ్రిబ్లింగునకు శత్రువని కొందరు చేయు వ్యాఖ్య సరికాదని స్పష్టమగును. ఆయన నిషేధించినది అభ్యాసమునందు. విధి లేక చేయు పరుగును వదలించి, ఎంచుకొని చేయు పరుగును మిగుల్చుటకే ఆ నిషేధము.

ఫలితములకు జాగు కాలేదు. 1950లో డ్యూరాండ్ కప్పు తుదిపోటీ మోహన్ బగానుతో మొదట తేలక, మరల ఆడగా, హైదరాబాదు పోలీసులు 1-0 తేడాతో గెలిచిరి. ఆ యేడు మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదుమారులు రోవర్స్ కప్పు వారిదే. ఆ పోటీ ఆగిపోవువరకు మరి యే జట్టుకును అది సాధ్యము కాలేదు. 1951 మార్చిలో కొత్తఢిల్లీలో జరిగిన తొలి ఏషియా క్రీడలలో ఇరానుపై మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో భారతజట్టు స్వర్ణపతకము గెలిచినప్పుడు శిక్షకుడు రహీమే. నూర్ మహమ్మదు, అజీజుద్దీను మున్నగు హైదరాబాదువారు ఆ జట్టులో నుండిరి. వీరిలో పెక్కురు పోలీసుశాఖలో చిరుద్యోగులు. ఉదయమున అభ్యాసము, పిదప కొలువు, జీతము కొలదిపాటి.

1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా మనవారిని 10-1 తేడాతో ఓడించెను. చలిలో, వట్టికాళ్లతో దిగినవారు ఆ నాడును కలరు. ఆ పరాభవము తరువాతనే బూట్లు తప్పనిసరి చేయబడినవి. అదే ఒలింపిక్సులో స్వర్ణపతకము గెలిచిన హంగరీ జట్టు, 1953 నవంబరు 25న లండను వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3 తేడాతో ఓడించి లోకమును దిగ్భ్రాంతి నొందించెను. దాని రహస్యమును కొంచెము తీరికగా వివరింపవలసియున్నది, రహీము అక్కడినుండియే తన రెండవ పాఠమును తీసికొనెను కావున.

నాటి వాడుకలో ముగ్గురు బ్యాకులు. నడుమ నుండువాడు ఎదుటిపక్షపు సెంటర్ ఫార్వర్డును నీడగా వెంటాడవలయును. హంగరీవారు నాండోర్ హిడెకుటీ అను తమ సెంటర్ ఫార్వర్డును ముందు నిలుపక మైదానపు మధ్యభాగమునకు వెనుకకు లాగిరి. ఇప్పుడు ఆ నడిమి బ్యాకు ఏమి చేయవలయును? వెంట పోయెనా, అతడు విడిచిన చోటు శూన్యమై ప్రక్కలనుండి తక్కినవారు చొరబడుదురు. పోక నిలిచెనా, హిడెకుటీ తీరికగా బంతిని అందుకొని, తలయెత్తి చూచి, కావలసిన చోటికి పంపును, దారి దొరకినచో తానే దూసికొనివచ్చి కొట్టును. వెంబ్లీలో అతడు మూడు గోలులు కొట్టెను. రక్షకుని సంశయమే ఇచ్చటను ఆయుధము. తేడా యేమనగా, అమెరికాలో ఆ సంశయము బంతినిబట్టి పుట్టినది. ఇచ్చట ఆటగాడు నిలిచిన చోటునుబట్టి పుట్టినది.

రహీము ఈ పద్ధతిని హైదరాబాదు జట్టునందును, పిదప భారతజట్టునందును ప్రవేశపెట్టెను. 1958లో బ్రెజిలువారు లోకమునకు చాటిన నలుగురు బ్యాకుల అమరికను ఆయన అంతకుముందే ఆడించెనని వ్రాసినవారు కలరు. అభిమానమున కొంత అత్యుక్తి యుండవచ్చునని నా యనుమానము. కాని వార్త లాలస్యముగా వచ్చు ఆ దినములలో, బుడాపెస్టులో పుట్టిన యోచన రెండు మూడేండ్లలో హైదరాబాదులోని ఫతేమైదానమునకు చేరి, పోలీసు జవానుల కాళ్లకు పట్టుబడుట సామాన్యము కాదు.

1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు దాని ఫలము కనబడెను. మొదట ఆడవలసిన హంగరీ జట్టు రాకపోగా మనవారు నేరుగా ముందుకు సాగి, డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2 తేడాతో ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టెను. సెమీఫైనలునందు నాలుగేండ్ల క్రిందట పది గోలులు కొట్టిన ఆ యుగోస్లావియాయే ఎదురుపడెను. విరామము తరువాత మొదటి గోలు మనదే, అదియు డిసౌజాదే. కొన్ని నిమిషములు మాత్రమే ఆ సంతోషము. 4-1 తేడాతో ఓటమి, పిదప కాంస్యపతకమునకై బల్గేరియాతో 3-0 ఓటమి. నాలుగవ స్థానము. 70 నిమిషముల అలవాటు ఎంత దూరము తీసికొనిపోవునో అంత దూరము పోయితిమి. ఆ జట్టులో హైదరాబాదువారు పెక్కురు. అదే కాలమున 1956లోను 1957లోను రాష్ట్రజట్ల పోటీయైన సంతోష్ ట్రోఫీయు హైదరాబాదునకే దక్కినది.

మెల్బోర్నునకు పోయినవారిలో ఇరువది యేండ్ల తులసీదాస్ బలరామ్ ఉండెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేదకుటుంబమున 1936లో పుట్టిన ఈ బాలుడు సికిందరాబాదునుండి హైదరాబాదునకు అభ్యాసమునకు వచ్చుటకు దారిఖర్చులు లేవనగా, రహీము అద్దెసైకిలునకు కావలసిన డబ్బు తానిచ్చి పిలిపించెనని బలరామే పలుమారు చెప్పుకొనెను. ఆటలో నతడు గురువు పద్ధతికి సజీవోదాహరణము. బంతి నడుపుటలో అతనికి సాటివచ్చువారు దేశమున ఇద్దరో ముగ్గురో; అయినను ఎడమప్రక్క నిలిచి, అవసరమైనచో మధ్యభాగమునకు దిగివచ్చి, ఒక్క తాకుడుతో బంతిని మరియొకని కందించి తాను ముందుకు పోవుటయే అతని వాడుక. తనను చుట్టుముట్టుటకు ఇద్దరు రక్షకులు వచ్చువరకు ఆగి, వారు వచ్చిన క్షణమున బంతిని విడుచును. అనగా ఇద్దరు రక్షకు లొక్కని కొఱకు వ్యయమైరి, మరియెచ్చటనో మనవా డొకడు ఒంటరిగా నిలిచియున్నాడు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీతో 2-1 తేడాతో ఓడిన ఆటలో మన ఒక్క గోలును అతనిదే.

1962 జకార్తా ఏషియా క్రీడల నాటికి రహీము శరీరమును క్యాన్సరు తినివేయుచుండెను. ఈ కథను 2024లో ‘మైదాన్’ పేర హిందీ చలనచిత్రముగా తీసిరి. చలనచిత్రములకు కన్నీరు కావలయును, దానికి నేను వారిని తప్పుపట్టను. ఆట లోపలి కథ మాత్రము అంతకంటె రుచికరము. తొలి ఆటలో దక్షిణకొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిన జట్టు, థాయిలాండును 4-1 తోను, జపానును 2-0 తోను ఓడించి నిలదొక్కుకొనెను. థాయిలాండు ఆటలో మన ప్రధానరక్షకుడు జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. వెనుక ఆడించుటకు వీలుపడని ఆ పంజాబు భీమకాయుని ఇంటికి పంపుటకు బదులు రహీము సెంటర్ ఫార్వర్డు స్థానమున నిలిపెను.

ఇది వెఱ్ఱితెగువ వలె కనబడును. యోచించి చూడుడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ ముగ్గురును పాసు, పరుగు రెండును సమముగా నెరిగినవారు. వారిని ఆపుటకు ఎదుటిపక్షము ఎడముగా నిలిచి, బంతి పోవు దారులను కాపాడవలయును. అట్టి సున్నితపు బారునడుమ జర్నయిల్‌ను నిలిపినచో, అతని నొక్కనిని కాచుటకే ఇద్దరు దగ్గరకు రావలయును. వచ్చిరా, తక్కిన మువ్వురకు తెరపి. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2 తేడాతో ఓడించినప్పుడు చునీ రెండు, జర్నయిల్ ఒకటి గోలులు కొట్టిరి.

సెప్టెంబరు 4న మరల దక్షిణకొరియాతోనే తుదిపోటీ. ఇజ్రాయెలు, తైవానులను క్రీడలకు రానీయని ఇండోనేసియా తీరును మన క్రీడాప్రముఖుడు జి.డి. సోంధీ బహిరంగముగా ఖండించుటచే నగరమంతట భారతీయులపై ఆగ్రహము రగులుచుండెను. లక్షమంది నిండిన మైదానమున మనవారి పేరు వినబడినంతనే ఈలలు, కూతలు. పాకిస్తాను హాకీ జట్టువారు మాత్రము మన పక్షమున కేకలు వేసిరని ఆటగాండ్రు పిమ్మట కృతజ్ఞతతో చెప్పుకొనిరి. ముందటి రాత్రి రహీము ఆటగాండ్రను చేరదీసి తన కొక కానుక కావలెనని మాత్రము కోరెనట. పి.కె. బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నయిల్, చునీ, బలరామ్: ఇది నాటి ముందువరుస, అందు యూసుఫ్ ఖానును హైదరాబాదువాడే. 17వ నిమిషమున పి.కె., 20వ నిమిషమున జర్నయిల్ గోలులు కొట్టిరి. కొరియావారికి ఒక గోలు దక్కినది, అదియు చివరి యైదు నిమిషములలో. పీటర్ తంగరాజ్ గోలు కాచెను. 2-1.

1963 జూన్ 11న రహీము మరణించెను. ఏషియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణపతకము మరల మనకు రాలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేర ఆడిన జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. అదియే ఆ పరంపరలో చివరిది. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాలునకు పోయెను, తక్కినవారిలో ఎందరో అతని బాటనే పట్టిరి. కలకత్తా క్లబ్బులు ఇచ్చు ప్రతిఫలము ఇచ్చుట హైదరాబాదులోని ఉద్యోగజట్లకు సాధ్యము కాలేదు. పెరుగుచున్న నగరమున ఆటస్థలములు ఇండ్లక్రిందికి పోయినవి. క్రికెట్టు సంగతి చెప్పనక్కర లేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్.సి. అను వృత్తిజట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు శిక్షకుడు స్పెయిను దేశీయుడు, ఆటగాండ్రలో స్థానికులు ఏ కొద్దిమందియో.

రహీము విద్య మాత్రము ఆయనతో పోలేదు. అది పోయినది కలకత్తాకు. జకార్తాలో కుడిప్రక్క మెరుపువలె పరుగెత్తిన పి.కె. బెనర్జీ, ఆట మానిన పిమ్మట శిక్షకుడై, తాను నేర్చినదంతయు రహీము సాహెబు పెట్టిన భిక్షయని జీవితాంతము చెప్పుచుండెను. 1970 బ్యాంకాక్ ఏషియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారతజట్టును తీర్చినవారిలో నతడొకడు. 1972నుండి అతడు శిక్షణ యిచ్చిన ఈస్ట్ బెంగాలు జట్టు ఏటేట కలకత్తా లీగును వదలక గెలిచి, 1975 సెప్టెంబరు 30న ఐ.ఎఫ్.ఎ. షీల్డు తుదిపోటీలో మోహన్ బగానును 5-0 తేడాతో ఓడించెను. మా పేటలో ఈస్ట్ బెంగాలు పక్షమువారు నేటికిని మీసము దువ్వి చెప్పుకొను ఆట యదియే. అందలి పాసు హైదరాబాదుదని వారికి చెప్పినచో కొందరు నమ్మరు, కొందరు నొచ్చుకొందురు.